ఎవరి సంతకం వారిది

చదివేవాళ్ళకు ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఒక్కో పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. మా ఆయన బతికుంటే, "ఈపాటికి ఒక దుప్పటి కుట్టేసేదానివి" అని ఎగతాళి చేసేవాడు. ఇది వెల్డా కెసింజర్ సంగతి. తను చెప్పగా విన్నదీ, ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు చెప్పుకున్నదీ కలిపి రాస్తున్నాను. రాయమని తనే అంది.

మా చర్చి కింది హాల్లో ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా మంగళవారం, గురువారం ట్యాక్సు కాగితాలు ఊరికే నింపి పెడతారు. ఆ మంగళవారం మధ్యాహ్నం వెల్డా తను పనిచేసే బడి వంటింట్లో సగం రోజు సెలవు అడిగి, మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడింది. కూలబడడమే. బంగాళాదుంపలు చెక్కి చెక్కి చేతులు లాగుతున్నాయి. వారం నుంచి నిద్ర లేదు. ఇంట్లో వంటింటి పొయ్యి రాత్రంతా ఆరిపోకుండా కట్టెలు వెయ్యడం తన వంతే.

వాళ్ళ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు నవంబరులో చచ్చిపోయింది. గ్రేడీ అనే మేస్త్రీ వచ్చి, దీపం వేసి చూసి, "లోపల ఇనుము చిట్లిందమ్మా, దీన్ని వెలిగించారంటే విషగాలి పీల్చి పొద్దున్నకి ముగ్గురూ లేవరు" అని గ్యాసు గొట్టం బిగించి వెళ్ళిపోయాడు. ముగ్గురంటే వెల్డా, మొగుడు ఓడెల్, వాళ్ళ దగ్గరే పెరుగుతున్న మనవరాలు టెస్సా. ఆ పిల్ల గదిలో కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టేది. క్రిస్మస్ ముందు పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు. గ్రేడీ ఒక ఫర్నేసు పక్కన పెట్టి ఉంచాడు, ట్యాక్సులొచ్చాక ఇద్దురుగానిలే అని.

మా ఊళ్ళో ట్యాక్సు డబ్బు వెనక్కి రావడమంటే పంట చేతికి రావడమే. కారు టైర్లూ, పళ్ళ డాక్టరూ, ఒక్కోసారి పెళ్ళిళ్ళూ, అన్నీ "ట్యాక్సులొచ్చాక" అనే మాటకే వేలాడుతుంటాయి. పిల్లని పెంచుతూ తక్కువ జీతంతో బతికేవాళ్ళకి సర్కారు ఇచ్చేది కాస్త పెద్ద మొత్తమే. ఒకే ఇంట్లో ఉండే మొగుడూ పెళ్ళాం కలిపి ఒకే కాగితం వేస్తేనే అది వస్తుంది. వెల్డా, ఓడెల్ పెళ్ళయిన దగ్గర్నుంచీ కలిపే వేస్తున్నారు. ఇంకో రకంగా వెయ్యచ్చని వెల్డాకు ఆలోచన కూడా రాలేదు.

మొదటి బల్ల దగ్గర కూర్చునేది ప్రూయిట్ మాస్టారు. ఒకప్పుడు ఓడెల్‌కి లెక్కలు చెప్పినాయనే. వెల్డా జీతం కాగితం చూసి కంప్యూటర్లో అంకెలు కొట్టాడు. తరవాత కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి ఓడెల్ వంక చూశాడు.

"నీ సంగతేమిటయ్యా?"

"ఏదో చిన్నా చితకా, మాస్టారూ. చెట్లు కొట్టాను."

"చిన్నా చితకా అంటే ఎంత?"

ఓడెల్ చెవి గోక్కుని ఒక అంకె చెప్పాడు.

"ఎక్కడైనా రాసుకున్నావా?"

"నా బుర్రే పుస్తకం మాస్టారూ."

"ఆ పుస్తకం నేను ఎనిమిదో తరగతిలోనే తిరగేశాను. అందులో సగం పేజీలుండవు."

వెనక కుర్చీల్లో వాళ్ళు నవ్వారు. ఓడెల్ కూడా నవ్వాడు. వెల్డా నవ్వలేదు. నిరుడు జూన్‌లో పెద్ద గాలివాన కొట్టి లోయంతా చెట్లు ఇళ్ళ మీద పడ్డాయి. ఆ వేసవి ఓడెల్ తెల్లారకుండానే రంపం ట్రక్కులో వేసుకుని పోయేవాడు. హెండర్‌షాట్ వాళ్ళ ఇంటి కప్పు మీద పడ్డ ఓక్ చెట్టు ఒక్కదానికే ఇప్పుడు చెప్పిన అంకె కన్నా ఎక్కువిచ్చారు. అలాంటివి ఎన్నో. అంతా చేతి డబ్బు. తాగుడికి పోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. ట్రక్కు గేరుబాక్సుకీ, కొత్త రంపానికీ, పాత బాకీలకీ వచ్చింది వచ్చినట్టే పోయింది. పోయినంత మాత్రాన రానట్టు కాదు కదా.

మాస్టారు కంప్యూటరు తెర ఇటు తిప్పాడు. "కలిపి వేస్తే ఇదీ మీకు వచ్చేది."

ఓడెల్ తొడ చరిచాడు. ఫర్నేసుకీ, దాన్ని బిగించే కూలికీ సరిపోయి, కాస్త మిగిలేటట్టే ఉంది.

"ఒక మాట," అన్నాడు మాస్టారు, పొద్దుట్నించీ అందరికీ చెప్పిన గొంతుతోనే. "కలిపి వేస్తే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇందులో ఉన్నదంతా నిజమని ఇద్దరూ ఒప్పుకున్నట్టు. ఎవరు ఏది దాచినా మొత్తం ఇద్దరి నెత్తి మీదా ఉంటుంది. ఒకళ్ళు ఊరొదిలి పోయినా రెండోవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. అందరికీ చెప్తానులే, మీకని కాదు. వెళ్ళి కూర్చోండి. నేవా గారు పిలుస్తారు."

మా హాల్లో పద్ధతి అది. మొదటి బల్ల దగ్గర నింపిన కాగితం రెండో బల్ల దగ్గరికి పోతుంది. అక్కడ నేవా హోస్టెట్లర్ గారు అడిగిన ప్రశ్నలే మళ్ళీ మొదటి నుంచీ అడుగుతారు. పేరేమిటి, ఇంట్లో ఎవరెవరు, కలిపి వేస్తున్నారా విడిగానా. నోటితో జవాబు చెప్పాలి, తలూపితే ఒప్పుకోరు. ఆ తరవాతే సంతకాలు. ఈ రెండు బల్లల మధ్యా కుర్చీల్లో కూర్చుని, నీళ్ళలాంటి కాఫీ తాగుతూ ఎదురు చూడాలి.

వెల్డా కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. తాగలేదు, చేతులు కాచుకుంది. వాళ్ళ అక్క రొవీనా గుర్తొచ్చింది. రొవీనా మొగుడు పాత కార్లు అమ్మేవాడు. ఏటేటా ఆవిడ సంతకం పెట్టేది. అతను ఇంకొకామెతో ఎటో పోయాక, పన్ను వాళ్ళు రొవీనాని పట్టుకున్నారు. ముసలివాళ్ళ ఆసుపత్రిలో పక్కలు మార్చి తెచ్చుకునే జీతంలోంచి ఏళ్ళ తరబడి కోసుకున్నారు. "నాకేమీ తెలియదండీ" అని చెప్పుకుంటే, "సంతకం మీదేనా కాదా?" అన్నారట. ఆవిడకి నిజంగానే తెలియదు. వెల్డాకి తెలుసు. తెలిసి పెట్టిన సంతకానికి ఏమని చెప్పుకోవాలి?

"ఓడెల్," అంది కప్పులోకి చూస్తూ. "వెళ్ళి మాస్టారికి ఉన్నదంతా చెప్పు."

"ఏది ఉన్నదంతా?"

"హెండర్‌షాట్ వాళ్ళది. బోధకుడి గారి బావమరిదిది. కొండ మీద వాళ్ళవి."

"నెమ్మదిగా మాట్లాడవే!" ఓడెల్ అటూ ఇటూ చూశాడు. "అవన్నీ చెప్తే ఏమవుతుందో తెలుసా? వచ్చేది రాదు సరిగదా, ఎదురు కట్టాలి. ఎక్కణ్ణించి తెచ్చి కట్టమంటావు? ఫర్నేసు ఏమవుతుంది?"

"తెలుసు."

"చేతి డబ్బు ఎవడు రాసిస్తాడే? ఈ హాల్లో ఒక్కణ్ణి చూపించు."

"వాళ్ళ కాగితాల మీద నన్ను సంతకం పెట్టమనలేదుగా."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి!" అన్నాడు ఓడెల్. "ఇన్నేళ్ళూ పెట్టలేదా?"

"ఇన్నేళ్ళూ నువ్వు కోసింది పొయ్యిలోకి వచ్చింది. నిరుడు ఊరంతటికీ కోశావు." ఆమె గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. "నువ్వు చెప్పకపోతే నేను విడిగా వేస్తాను."

ఓడెల్ ఆమె వైపు తిరిగాడు.

"విడిగానా?" అన్నాడు. "అంటే మనం విడిపోయామని చెప్పుకుంటారు ఊళ్ళో."

అప్పుడు ముందు కుర్చీలోంచి డార్లా వెనక్కి తిరిగింది. మంగలి దుకాణం డార్లా. ఆవిడ చెవులు ఎప్పుడూ వెనక్కే ఉంటాయి.

"సిస్టర్ వెల్డా, అడగకుండా చెప్తున్నానని ఏమీ అనుకోకు. విడిగా వేస్తే పెద్ద డబ్బు పోతుంది. కానీ మొగుడు ఆరు నెలలుగా ఇంట్లో లేడనుకో, అప్పుడు విడిగా వేసినా వస్తుంది. పిల్ల నీ దగ్గరుందిగా, నువ్వే ఇంటి పెద్దవి. మీ పెరట్లో బండి ఇల్లు ఉంది కదా? చక్రాలది?"

"ఉంది. వాన కురుస్తుంది దాంట్లో."

"కురవనీ. ఇతన్ని అందులో పెట్టు. నేను మా ఆయన్ని మూడేళ్ళు పెట్టాను."

"అందులోనే ఉన్నాడా?" అంది వెల్డా.

"ఆయనెక్కడున్నాడు? సోఫాలో కాళ్ళు చాపుకుని ఆటలు చూస్తూ ఉండేవాడు. కాగితం మీద బండి ఇంట్లో."

పక్కనున్న ముసలి క్లీటస్ పడీ పడీ నవ్వాడు. "మా ఆవిడ నన్ను నిజంగానే పెట్టింది అందులో. కాగితం మీద మాత్రం ఇంట్లో ఉన్నాను. నాకన్నా నీ మొగుడే అదృష్టవంతుడు డార్లా!"

ఓడెల్ మొహం విప్పారింది. వెల్డా చెవి దగ్గరికి వంగాడు. "విన్నావా? అదీ దారి. నీ పేరు నా లెక్కకి తగలదు. నువ్వు కోరుకున్నదీ అదేగా? మే నుంచీ బండి ఇంట్లో ఉన్నానని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు? ఫర్నేసు వస్తుంది, నీ సంతకమూ శుభ్రంగా ఉంటుంది."

 ఒక్క క్షణం వెల్డాకు నిజంగానే తేలికనిపించింది. టెస్సా గదిలో వెచ్చటి గాలి. రాత్రి లేవక్కర్లేకుండా తెల్లారిందాకా నిద్ర. ఒక మాట. అదీ నోటిమాటే. డార్లా చెప్పలేదా? డార్లాకేమైంది?

"కెసింజర్ వాళ్ళు," అని నేవా గారు పిలిచారు.

నేవా గారు సన్నగా, నిటారుగా ఉంటారు. ఎవర్నీ తొందరపెట్టరు, ఎవర్నీ తొందరపడనివ్వరు. పేర్లు అడిగారు. చెప్పారు. ఇంట్లో ఎవరెవరని అడిగారు. టెస్సా పేరు చెప్పారు.

"ఇద్దరూ కలిపి వేస్తున్నారు, అంతేనా?"

"కాదండీ," అంది వెల్డా. "విడిగా."

నేవా గారు పెన్ను కింద పెట్టారు. మాస్టారిని పిలిచారు. ఆయన వచ్చి, కాగితం చూసి, ఓడెల్ మొహం చూసి, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎందుకని అడగలేదు. ఎనిమిదో తరగతి నుంచీ చూస్తున్నవాడు.

"వెల్డా, చెప్పడం నా ధర్మం. ఒకే ఇంట్లో ఉంటూ విడిగా వేసే గడి ఉందే, అది ఎవరికీ లాభం లేని గడి. పిల్ల పేరు మీద కొంత వస్తుంది. పెద్దది పోతుంది. చూసి చెప్పు."

"ఫర్నేసుకి చాలుతుందా?"

ఆయన కాసేపు అంకెలు కొట్టి చూశాడు. "చాలదు. సగానిక్కూడా రాదు."

"సరే."

"ఇంకొక్క ప్రశ్న ఉంది," అన్నారు నేవా గారు. కాగితం మీద ఉన్నదున్నట్టు చదివారు. "సంవత్సరం చివరి ఆరు నెలలూ మీ భర్త మీతో ఒకే ఇంట్లో ఉన్నారా?"

 డార్లా కాఫీ కలపడం ఆపింది. ఓడెల్ బల్ల అంచు పట్టుకుని వెల్డా వైపే చూస్తున్నాడు. కళ్ళతో బతిమాలుతున్నాడు. పెళ్ళాన్ని బతిమాలే అలవాటు లేని మనిషి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెల్డాకు ఆ రెండిట్లో దేనికీ భయం వెయ్యలేదు, అలసట వేసింది. ఒక అబద్ధంలోంచి తప్పించుకోవాలంటే ఇంకో అబద్ధంలో కాలు పెట్టాలి. ఈ ఏడు పెడితే వచ్చే ఏడూ పెట్టాలి. డార్లా మూడేళ్ళు పెట్టింది. ఆ బండి ఇంటి సంగతి రోజూ గుర్తు పెట్టుకోవాలి, టెస్సాకి నేర్పాలి, బళ్ళో ఎవరైనా అడిగితే తడబడకూడదు. కట్టెలు వెయ్యడం కన్నా అదే ఎక్కువ పని.

"ఉన్నాడండీ," అంది. "ప్రతి రాత్రీ ఉన్నాడు. గురక కూడా పెట్టాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఓడెల్ లేచాడు. టోపీ తీసుకుని, ఎవరి వంకా చూడకుండా, మెట్లెక్కి బయటికి పోయాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేచిపోయాడే!" అన్నాడు క్లీటస్.

"నోర్ముయ్యి క్లీటస్," అంది డార్లా. ఆవిడ మొహం ఎర్రబడింది.

నేవా గారు కొత్త కాగితం తీశారు. అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగారు. సంతకం చోటు చూపించాక, వేలు అక్కడే ఉంచి, నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, ఒకటి తెలుసుకో. ఇవాళ విడిగా వేసినవాళ్ళు మూడేళ్ళ లోపల ఎప్పుడైనా మనసు మార్చుకుని కలపచ్చు. కలిపి వేసినవాళ్ళు మాత్రం ఏప్రిల్ గడువు దాటాక విడదీసుకోలేరు. కాబట్టి నువ్వు దేన్నీ తెంపలేదు."

"మంచిదండీ," అంది వెల్డా. ఆ మాటకి సంతోషించాలని తెలుసు. ఓపిక లేక సంతకం పెట్టింది. కాగితం మీద రెండో పేరుకి చోటు లేదు. తన పేరు ఒక్కటే ఉంటే చిన్నగా కనిపించింది.

ఓడెల్ ట్రక్కు ఇంజను వేసి ఉంచాడు. వదిలేసి పోలేదు. ఆమె ఎక్కి తలుపు లాక్కుంది. రైలు పట్టాలు దాటాక ఓడెల్ వేగం తగ్గించాడు.

"అంతమందిలో," అన్నాడు.

"ఊఁ."

"నన్ను నమ్మవు నువ్వు."

"నమ్మకపోతే నీ పక్కన పడుకుంటానా? నీ లెక్కని నమ్మలేదు."

"రెండూ ఒకటే."

"కావు, ఓడెల్. రొవీనాకి రెండూ ఒకటే అయ్యాయి."

"నేను ఆ కార్లవాణ్ణి కాదు."

"కాదు. అందుకే ట్రక్కెక్కాను."

అతను స్టీరింగు మీద అరచేత్తో ఒకసారి కొట్టాడు. 

ఇంటికొచ్చాక కోటు విప్పకుండానే వెల్డా గ్రేడీకి ఫోను చేసింది. "గ్రేడీ, ఆ ఫర్నేసు ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. ఈ ఏడు మావల్ల కాదు."

"అదేమిటమ్మా, ట్యాక్సులు రాలేదా?"

"వస్తాయి. చాలవు."

"వాయిదాల మీద చూద్దామా?"

"వద్దు బాబూ. అప్పు మొయ్యలేను."

"పోనీ వేసవిలో చూద్దాంలే. ధర తగ్గుతుంది. పిల్ల గదిని మాత్రం మూసెయ్యండి, వంటింటి వేడి అటు పోకుండా."

ఆమె ఫోను పెట్టేసరికి లోపల ఏదో ఈడ్చిన చప్పుడైంది. ఓడెల్ టెస్సా మంచం విప్పి, పరుపు భుజాన వేసుకుని, గుమ్మంలో ఇరుక్కుని ఉన్నాడు. వెల్డా వెళ్ళి రెండో కొస పట్టుకుంది. భోజనాల బల్ల గోడకి జరిపి, పొయ్యికి మరీ దగ్గర కాకుండా మంచం వేశారు. వంటింట్లో ఇక తిరగడానికి చోటు లేదు. పక్కకి జరిగి జరిగి నడవాలి, మార్చి చివరిదాకా.

ఓడెల్ మోకాళ్ళ మీద కూర్చుని మంచం కోళ్ళకి మరలు బిగిస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"మాస్టారు మంగళవారాలేనా?"

"గురువారం కూడా ఉంటాడు."

"అంతా చెప్తే వాయిదాల మీద కట్టనిస్తారంటావా?"

"అడగాలి. క్లీటస్ కొడుక్కి ఇచ్చారట."

అతను ఇంకో మర తిప్పాడు. అది సరిగ్గా పట్టలేదు. మళ్ళీ తీసి తిప్పాడు.

"నేనొక్కణ్ణే పోవాలా?"

"నీ కాగితం నీదేగా."

"అది కాదే. అందరూ చూస్తుంటారు కదా. వచ్చి పక్కన కూర్చుంటావా అని."

వెల్డా దుప్పట్లు పరుపు మీద వేస్తూ ఆగింది. గురువారం అంటే బళ్ళో మళ్ళీ సగం రోజు సెలవు. ఆ జీతం పోతుంది. వంటింటి పెద్దావిడ మొహం ముడుచుకుంటుంది. అవన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. కాసేపు మంచం మీద కూర్చుంది.

"కూర్చుంటాను," అంది. "సంతకం మాత్రం పెట్టను."

"పెట్టమనలేదు," అన్నాడు ఓడెల్.

ఆమె లేచి, కోటు ఒంటి మీదే ఉందని చూసుకుని, పిల్ల బడి బస్సు వచ్చే వేళైందని రోడ్డు మీదికి నడిచింది.

— ఒలీటా ష్రేడర్, డెబ్బై ఏడేళ్ళు. ప్రస్తుతం ఒహాయో రాష్ట్రం ఆగ్నేయపు కొండల్లో, మా చెల్లెలింట్లో ఉంటున్నాను.